పోర్చుగీసు వంటల్లో ‘క్రావు’ అంటే లవంగమేనా?

చిత్తూరు నుంచి ప్రశ్న:
పోర్చుగీసు వంటల పుస్తకం తెలుగు చేస్తున్నా. ఒకచోట ‘3 క్రావులు, 1 దాల్చినచెక్క’ అని ఉంది. నిఘంటువు తీస్తే మేకు, లవంగం, కార్నేషన్ పువ్వు మూడూ ఇస్తోంది. ఏది రాయాలి? ఒకే మాటకు ఇన్ని అర్థాలెలా వచ్చాయి?

పదాలపెట్టె:
లవంగమే రాయండి. దాల్చినచెక్క పక్కన లెక్కపెట్టి వేసేది అదే. పోర్చుగల్‌లో ‘క్రవీన్యు’ అని కూడా అంటారు, చిన్న మేకు అని.

మూలం లాటిన్ ‘క్లావుస్’, అంటే మేకు. పోపులపెట్టెలోంచి ఒక లవంగం తీసి చూడండి. సన్నటి కాడ, కొసన నాలుగు మొనలు, వాటి మధ్య విచ్చుకోని రేకుల గుండు. సుత్తితో సాగగొట్టిన పాతకాలపు మేకుకు అచ్చు ఇదే రూపం. పువ్వుకు ఆ పేరు తెచ్చింది మాత్రం వాసన. కార్నేషన్‌లోనూ లవంగంలోనూ యూజెనాల్ అనే ఘాటు వాసన పదార్థం ఉంది. జర్మన్‌లో ‘నెల్కె’ కూడా ఈ రెంటికీ చెల్లుతుంది, దాని మూలార్థమూ చిన్న మేకే.

తిరుపతి:
గలీసియన్ (స్పెయిన్ వాయవ్యంలో మాట్లాడే, పోర్చుగీసుకు దగ్గరి భాష) పుస్తకమైతే ఇంత చిక్కు లేదు సార్. అక్కడ మేకుకూ లవంగానికీ ‘క్రావో’, పువ్వుకు వేరే మాట, ‘కరవెల్’.

‘క్లా’ ‘క్రా’ ఎందుకయిందంటే, స్పానిష్‌లో ‘బ్లాంకో’ (తెలుపు) ఉన్నచోట పోర్చుగీసులో ‘బ్రాంకు’ ఉంది, ఇదీ ఆ దారే. కానీ ఈ సూత్రం అన్నిటికీ వర్తించదు. తాళంచెవికి లాటిన్ మాట ‘క్లావిస్’. అది గలీసియన్‌లో ‘చావె’, పోర్చుగీసులో ‘షావ్’ అయింది. పోలిక చూసి ‘క్లావుస్’, ‘క్లావిస్’ రెండూ ఒకటే అనుకుంటే అర్థం తారుమారవుతుంది.

పోపుడబ్బా:
ఇంగ్లీషు మీదుగా అనువదిస్తే ఇంకో పొరపాటు జరుగుతుంది. ‘క్లోవ్ ఆఫ్ గార్లిక్’ అంటే తెల్లగడ్డ పాయ. పోర్చుగీసులో దానికి ‘దెంత్’, పన్ను అనే మాట. 2 పాయలకు బదులు 2 లవంగాలు పడితే కూర చెడినట్టే.

బ్రెజిల్ పుస్తకంలో ‘క్రావు ది దెఫుంతు’ కనిపిస్తే అది మన బంతిపువ్వు. మాటకు మాట పెడితే ‘చనిపోయినవారి క్రావు’. 1974 ఏప్రిల్ 25న పోర్చుగల్‌లో నియంతృత్వాన్ని కూల్చిన విప్లవంలో, లిస్బన్‌లో సైనికుల తుపాకీ గొట్టాల్లో పెట్టినవి కార్నేషన్లు, ఆ విప్లవం పేరులో ఉన్న ‘క్రావుష్’ అవే.

ఇక ‘క్రావు ఎం పో’ అని ఉంటే లవంగాల పొడి. చెంచా కొలత వచ్చేది దానికే, లెక్క వచ్చేది కాయకి కాదు, మొగ్గకి. లవంగం మొగ్గే కదా.