పెద్ద నగరానికి మారాలా, వద్దా? పదిహేను రోజుల్లో తేల్చాలి

గోడమీదపిల్లి:
అందరికీ నమస్కారం. నా వయసు 33. చిన్న ఊళ్లో ఉద్యోగం, ఆఫీసుకి నడిచి పది నిమిషాలు. ఇప్పుడొక పెద్ద నగరం నుంచి ఆఫర్ వచ్చింది. జీతం 40 శాతం ఎక్కువ. అద్దె ఇక్కడ జీతంలో ఆరో వంతు, అక్కడ కొత్త జీతంలో మూడో వంతు పోతుందంటున్నారు. చూసిన ఇంటి నుంచి ఆఫీసుకి 50 నిమిషాలు. మేమిద్దరమే, పిల్లలు లేరు. మా ఆవిడ ఏడేళ్లుగా ఇక్కడే ఒక బడిలో పాఠాలు చెబుతోంది, అక్కడా ఏదో ఒకటి దొరక్కపోదు. సెంటిమెంట్లు వద్దు, లాభనష్టాలు లెక్కగా చెప్పండి. పదిహేను రోజుల్లో జవాబివ్వాలి.

చివరిబెంచీ:
పేరులోనే ఉంది కదండీ జబ్బు. దూకెయ్యండి.

రెక్కలగుర్రం:
22 ఏళ్లప్పుడు ఒక్క పెట్టెతో బయల్దేరినవాణ్ణి కాబట్టి తడుముకోకుండా చెబుతున్నా: వెళ్లండి. జీతం సంగతి పక్కన పెట్టండి. చిన్న ఊళ్లో మీ పని తెలిసినవాళ్లు నలుగురుంటారు, ఆ నలుగురికీ మీకు తెలిసిందే తెలుసు. తెలిసినవాళ్ల ద్వారా ఉద్యోగం దొరికినవాళ్లని గ్రానొవెటర్ అనే సామాజిక శాస్త్రవేత్త అడిగి చూస్తే, చాలామందికి ఆ కబురు అందింది ప్రాణస్నేహితుల నుంచి కాదు, ఎప్పుడో ఒకసారి ఎదురుపడే ముఖపరిచయస్తుల నుంచి. 1973లోనే రాశాడు. అలాంటి ముఖపరిచయాలు వందల్లో దొరికేది నగరంలోనే. లిఫ్టు పాడైన రోజు నాతోపాటు మెట్లెక్కిన మనిషి వల్లే నాకు రెండో ఉద్యోగం వచ్చింది. నగరాల మీద పరిశోధన చేసే బెటెన్‌కోర్, వెస్ట్ వాళ్లు 2007లో కట్టిన లెక్కలోనూ అదే తేలింది. జనాభా రెట్టింపు ఉన్న ఊళ్లో తలసరి జీతాలు సుమారు పది శాతం ఎక్కువ, పేటెంట్లు ఇంకా ఎక్కువ.

మెట్లబావి:
నేరాలూ, ఒకరి నుంచి ఒకరికి అంటుకునే జబ్బులూ అదే తీరున ఎక్కువని కూడా ఆ లెక్కలోనే ఉంది. ఆ ముక్క మింగేశారేం?

సరే, ఆయన లెక్క అడిగారు కాబట్టి కాగితం తీశాను. ఇప్పటి జీతం 100 అనుకుందాం. అద్దె పోగా మిగిలేది 83. అక్కడ 140లో మూడో వంతు తీసేస్తే 93. పెరిగింది 40 కాదు, 10. ఇక సమయం. ఇప్పుడు రానూపోనూ కలుపుకుని ఉద్యోగానికి పోతున్నది రోజుకి 8 గంటల 20 నిమిషాలు. అక్కడ 9 గంటల 40 నిమిషాలు. మిగులు 12 శాతం పెరిగితే సమయం 16 శాతం పెరిగింది. గంట చొప్పున చూస్తే ఇప్పటికన్నా తక్కువకే పనిచేస్తారన్నమాట. ఏడాదికి 250 పనిదినాలు వేసుకోండి, దారిలోనే 416 గంటలు. ఎనిమిది గంటల రోజులుగా చేస్తే 52 రోజులు ఊరికే ఊగుతూ కూర్చోవడం. కూర్చోవడానికి చోటుంటే.

రెక్కలగుర్రం:
ప్రయాణాన్ని పనిగంటల్లో కలపడం ఎక్కడి లెక్కండీ? నేను చదివిన పుస్తకాల్లో సగం రైల్లో చదివినవే. రోజుకి సుమారు గంట రాకపోకలకి పోవడం ఏ కాలంలోనైనా మనిషికి మామూలేనని మార్కెట్టి అనే ఇటలీ ఆయన 1994లోనే రాశాడు. బండి వేగం పెరిగితే ఇల్లు అంత దూరం జరుపుకుంటారు, అంతే తేడా.

మెట్లబావి:
గంట అన్నాడు. ఈయనది గంటా నలభై. మీ మార్కెట్టి నా పక్షమే.

చివరిబెంచీ:
గుర్రంగారూ, రైల్లో కూర్చుని చదివారా, నిలబడా?

రెక్కలగుర్రం:
కూర్చునే. సీటు దొరికేది.

మెట్లబావి:
ఎన్నో స్టేషన్లో ఎక్కేవారు?

రెక్కలగుర్రం:
అది ఇక్కడ అనవసరం.

మెట్లబావి:
మొదటి స్టేషనే అయ్యుంటుంది. మధ్యలో ఎక్కేవాడు ఒక చేత్తో కడ్డీ, ఇంకో చేత్తో గుండెలకి అదుముకున్న సంచీ పట్టుకుని పేజీ దేనితో తిప్పుతాడు? స్టుట్జర్, ఫ్రై అని ఇద్దరు ఆర్థికవేత్తలు జర్మనీ కుటుంబాల సర్వే తిరగేసి 2008లో తేల్చిందేమిటో కూడా వినండి. దూరం తిరిగేవాళ్లకి ఎక్కువ జీతమో మంచి ఇల్లో ఆ కష్టాన్ని పూడ్చాలి కదా, పూడ్చడం లేదు. వాళ్లే తక్కువ తృప్తితో ఉన్నారు.

నిద్రగన్నేరు:
రెండు రోజులుగా చూస్తున్నా. స్టేషన్ల మీద ఇంత చర్చ జరిగింది గానీ, మెట్లబావిగారి లెక్కలో ఆవిడ జీతం ఎక్కడుంది? ఇద్దరి సంపాదనా కలిపి చూడండి. ఆయన మిగులు పది పెరిగేలోపు ఆవిడది మొత్తం పోతుంది. "ఏదో ఒకటి దొరక్కపోదు" అనే మాట మా ఆయన కూడా అన్నాడు. నాకు దొరకడానికి ఎనిమిది నెలలు పట్టింది, దొరికింది కూడా నా చదువుకి సంబంధం లేని పని. ఆ ఎనిమిది నెలలూ పగలంతా నాతో మాట్లాడింది లిఫ్టులో తలుపు మూసుకుంటోందని చెప్పే గొంతు ఒక్కటే.

చివరిబెంచీ:
అది కూడా మర్యాదగానే చెప్పి ఉంటుంది.

మెట్లబావి:
చూశారా! నేను చెబుతున్నదీ అదే.

నిద్రగన్నేరు:
కాదండీ, మీరు చెబుతున్నది అది కాదు. ఇప్పుడు నన్ను వెనక్కి రమ్మంటే రాను. అక్కడ నేను ఫలానా వాళ్ల కోడల్ని, ఫలానా వాళ్ల అమ్మాయిని. ఇక్కడ రాత్రి తొమ్మిదింటికి ఒక్కదాన్నే నడిచొస్తే ఎందుకు ఆలస్యమైందని అడిగే నాథుడు లేడు. ఆ అడగకపోవడం కోసం నేను మీ 416 గంటలూ ఇచ్చేస్తాను. నా గొడవల్లా నన్ను ముందు అడగలేదనే. ఊరి మీద కాదు.

రెక్కలగుర్రం:
బ్రహ్మాండంగా చెప్పారు. మెట్లబావిగారిలాంటి వాళ్లు ఉన్నచోట నుంచి కదలరు, కదిలేవాళ్ల కాళ్లు పట్టుకుని లాగుతుంటారు. భయానికి లెక్కల చొక్కా తొడిగితే లెక్క అయిపోదు.

మెట్లబావి:
భయమా! నేను కదల్లేదు కాబట్టే కొందరు కదలగలిగారు. మా అన్నయ్య వెళ్లేటప్పుడు "రెండేళ్లురా, కాస్త కూడబెట్టుకుని వచ్చేస్తా, సైకిల్ అమ్మకు, గాలి కొట్టి ఉంచు" అన్నాడు. పధ్నాలుగేళ్లయింది. నెలకోసారి పంపు తీసి గాలి కొడుతూనే ఉన్నాను. నాన్నకి పక్షవాతం వచ్చినప్పుడు ఆయన ఒళ్లు తుడిచింది నేను, డబ్బు పంపింది అన్నయ్య. అందరూ ఎవర్ని మెచ్చుకున్నారో వేరే చెప్పాలా? ఫోన్లో మా వాడు కూడా మీలాగే మాట్లాడతాడు. ముఖపరిచయాలట, అవకాశాలట.

అడ్మిన్:
వ్యక్తిగతంగా వద్దు. ఇద్దరికీ చెబుతున్నా.

రెక్కలగుర్రం:
అడ్మిన్‌గారూ, ఒక్క మాట. మెట్లబావిగారూ, మీ కోపం రైలు మీద కాదని ఇప్పుడర్థమైంది. అయినా నేను వెళ్లమన్నది తిరిగి రావద్దని కాదు. స్పెయిన్ ఉద్యోగుల రికార్డులు ఏళ్ల తరబడి వెంబడించి డె లా రోకా, పుగా అనే ఆర్థికవేత్తలు 2017లో ఒక సంగతి చూపించారు. పెద్ద నగరంలో పనిచేసిన అనుభవానికి విలువ ఎక్కువ, చిన్న ఊరికి మారాక కూడా ఆ విలువ చాలావరకు జీతంలో నిలుస్తుంది. అంటే నాలుగేళ్లు వెళ్లి నేర్చుకుని వచ్చెయ్యవచ్చు. నష్టమేముంది?

మెట్లబావి:
వచ్చెయ్యవచ్చు అనేది కాగితం మీద. మీరు వచ్చేశారా?

(ఆరోజు ఇంకెవరూ రాయలేదు.)

రెక్కలగుర్రం:
రాలేదు. నిన్నంతా జవాబు టైపు చేస్తూ చెరిపేస్తూ ఉన్నాను. నేనూ మొదట మూడేళ్లనే అన్నాను. ఐదో ఏట సెలవుల్లో వెళ్తే నా గది అద్దెకిచ్చేశారు. చెప్పింది కూడా ఇంట్లోవాళ్లు కాదు, అందులో దిగినవాడు. నా పుస్తకాల అట్టపెట్టె వాడి బట్టల బీరువా మీద ఉంది. ఎప్పుడొస్తావని ఇంట్లో ఎవరూ అడగలేదు, ఎంత పంపుతావనే అడిగారు. మీ అన్నయ్యని రమ్మని మీరు ఎన్నిసార్లు అడిగారు?

మెట్లబావి:
వస్తానన్నవాణ్ణి అడగడమెందుకు?

నిద్రగన్నేరు:
గోడమీదపిల్లిగారూ, వీళ్లిద్దరిదీ మీ ప్రశ్న కాదు. మీరేమయ్యారు?

గోడమీదపిల్లి:
ఉన్నానండీ, అన్నీ చదివాను. మెట్లబావిగారి లెక్క కాగితం మీద వేసి మా ఆవిడకి చూపించాను. ఎర్ర పెన్ను తీసుకుని (పేపర్లు దిద్దే పెన్ను) కింద తన జీతం వరస కలిపింది. తర్వాత ఒక ప్రశ్న వేసింది: "నీకు ఆ ఉద్యోగం నచ్చిందా, లేక ఇక్కడి మేనేజర్ నచ్చలేదా?" వెంటనే ఏమీ చెప్పలేకపోయాను. నిజానికి గత ఏడాది ప్రమోషన్ నాకు రాలేదు. మొదటి పోస్టులో అది రాయలేదు, లెక్కకి సంబంధం లేదనుకున్నాను. తను రావడానికి సిద్ధమే, కానీ బడి సంవత్సరం మధ్యలో పిల్లల్ని వదిలి రానంది. అక్కడ తనకి ఉద్యోగం ఖాయమయ్యాకే సామాను కదలాలంది. చేరే తేదీ నాలుగు నెలలు వాయిదా వేయమని కంపెనీకి రాశాను. ఒప్పుకోకపోతే వదిలేస్తాను. ఒప్పుకుంటే, నిద్రగన్నేరుగారూ, ఇల్లు తన పనికి దగ్గర చూస్తాం. నా ప్రయాణం గంట దాటినా సరే.

చివరిబెంచీ:
మొదటి స్టేషన్ దగ్గర చూడండి. సీటు దొరుకుతుంది.

చివరిబెంచీ:
మెట్లబావిగారూ, సైకిల్ ఇంకా ఉందా?

మెట్లబావి:
ఉంది. వెనక టైరు మార్చాలి. ముందుది బాగానే ఉంది.