రోజూ గీసిన బొమ్మను ఆ రోజే మిత్రులకు చూపించాలన్న నియమం అవసరమా?

చర్చ ప్రారంభించినవారు (హనుమకొండ):

హనుమకొండ, కాజీపేటల్లో ఉండే కొద్దిమంది మిత్రులం కలిసి స్కెచింగ్ నేర్చుకుంటున్నాం. మాలో చిత్రకళ చదువుకున్నవారు ఎవరూ లేరు. ప్రతి ఒక్కరూ రోజూ ఏదో ఒకటి చూసి గీయాలి, రాత్రి పడుకునేలోపు దాని ఫొటోను వాట్సాప్ గ్రూపులో పెట్టాలి అన్నది మేము పెట్టుకున్న కట్టుబాటు. ఇప్పుడు మాలో ఒకరు, గీయడం మాననని, రోజూ చూపించడం మాత్రం మానేస్తానని అంటున్నారు. చూపించవలసిన అవసరం లేనప్పుడు పనినుంచి అలసి వచ్చిన రాత్రి పెన్సిల్ పట్టుకునేవారు చాలా తక్కువమంది ఉంటారని, మన బొమ్మ కోసం నలుగురు చూస్తుంటారన్న ఎరుకే అలవాటును నిలబెడుతుందని నా నమ్మకం. 2007లో సియాటిల్ పత్రికా చిత్రకారుడు గాబ్రియేల్ కాంపనారియో మొదలుపెట్టిన అర్బన్ స్కెచర్స్ ఇవాళ దేశదేశాలకు విస్తరించింది. గీసినవాటిని ఆన్‌లైన్‌లో పంచుకోవడం ఆ బృందం నియమావళిలోనే ఉంది. మీరేమంటారు?

ఆ మిత్రురాలు (హనుమకొండ):

ఆ మాట అన్నది నేనే కాబట్టి నా కారణం నేనే చెప్పడం న్యాయం. నేర్చుకునేవారు చేయవలసిన అభ్యాసాల్లో చాలావాటికి చూపించదగిన రూపం ఉండదు. ఏనుమాముల మార్కెట్లో హమాలీ మిర్చి బస్తాను వీపుకెత్తుకునే క్షణాన్ని పట్టుకోవాలంటే అర నిమిషంలో నాలుగైదు గీతలు పడాలి. ఆ గీతల్లో ముఖం ఉండదు, చేతులు ఉండవు, నడుము ఎటు వంగింది, బరువు ఏ కాలి మీద పడింది అన్నది మాత్రమే ఉంటుంది. కాగితం వైపు చూడకుండా కన్ను కదిలిన వెంటే పెన్సిల్‌ను కదిలించే అభ్యాసమైతే ఇంకా వికారంగా వస్తుంది. కంటికీ చేతికీ పొత్తు కుదిరేది ఇలాంటి పేజీల్లోనే. రాత్రికి గ్రూపులో పెట్టాలన్న ఆలోచన మనసులో ఉన్నప్పుడు ఈ పేజీలు గీయాలనిపించదు. బాగా కుదురుతుందని ముందే తెలిసిన వస్తువునే చేయి వెతుక్కుంటుంది. మన గ్రూపులో కొంతకాలంగా వస్తున్న బొమ్మలను వరుసగా చూస్తే, రామప్ప గుడి మదనిక శిల్పాల ఫొటోలు చూసి వేసిన చక్కటి షేడింగ్‌లు పెరిగాయి, ఎదురుగా కూర్చుని గీసిన మనుషులు దాదాపు కనిపించకుండా పోయారు. అలవాటు నిలిచిందన్న మాట నిజమే, కానీ ఏ అలవాటు నిలిచిందో కూడా అడగాలి కదా.

విశ్రాంత డ్రాయింగ్ ఉపాధ్యాయుడు (వరంగల్):

అమ్మాయి చెప్పినదానితో నేను ఏకీభవిస్తున్నాను. నా అభ్యంతరం మరొకటి కూడా ఉంది. ఫోన్‌లో మిత్రులకు కనిపించేది బొమ్మ ఒక్కటే. ఏ వస్తువును చూసి గీశారో ఆ వస్తువు వారి ఎదుట ఉండదు. అందువల్ల బాగుందని అనగలరు గానీ, ఎక్కడ తప్పిందో చెప్పలేరు. ఖిలా వరంగల్ తోరణాన్ని పక్కనుంచి చూసినప్పుడు పై దూలం దూరపు కొసవైపు కిందికి దిగుతుంది, అడుగున పీఠం గీత పైకి లేస్తుంది, రెండూ కంటి మట్టం వైపే సాగుతాయి. ఎంత దిగుతుందన్నది మనం నిలబడిన చోటును బట్టి మారుతుంది. చేయి పూర్తిగా చాచి, ఒక కన్ను మూసి, పెన్సిల్‌ను కొలబద్దగా పట్టుకుని చూసినవారికే ఆ వాలు తెలుస్తుంది. పక్కన కూర్చున్న మిత్రుడు అదే తోరణాన్ని చూస్తున్నాడు కాబట్టి, దూలం మరీ బల్లపరుపుగా వేశావని అక్కడికక్కడే చెప్పగలడు. పైన ప్రస్తావించిన అర్బన్ స్కెచర్స్ నియమావళి స్థలంలోనే కూర్చుని గీయాలనీ, కలిసి గీయాలనీ కూడా చెబుతుంది. అందులోనుంచి పంచుకోవడం ఒక్కదాన్నే తీసుకుంటే సగమే తీసుకున్నట్టు.

రైల్వే ఉద్యోగి (కాజీపేట):

సార్, మీరు చెప్పింది సబబే, కానీ మా గ్రూపులో నాకు షిఫ్టు డ్యూటీలు, ఇంకొకరికి చంటిబిడ్డ. అందరం ఒక్కచోట కూర్చునే వీలు ఎప్పుడో గానీ దొరకదు. బొమ్మతో పాటు, కూర్చున్న చోటునుంచి తీసిన ఆ వస్తువు ఫొటోను కూడా పెడితే మిత్రులు రెండింటినీ పోల్చి చూడవచ్చు కదా?

విశ్రాంత డ్రాయింగ్ ఉపాధ్యాయుడు:

ఏమీ లేనిదానికంటే అది మేలే. అయితే ఫొటోనే ప్రమాణంగా పెట్టుకోవద్దని నా మనవి. తోరణం మొత్తం పట్టాలని ఫోన్‌ను పైకి వంచితే, రెండు స్తంభాలూ పైకి పోయే కొద్దీ ఒకదాని వైపు ఒకటి ఒరిగినట్టు పడతాయి. అంచుల్లో ఉన్నవి సాగిపోతాయి. ఎదురుగా కూర్చుని స్తంభాలను నిటారుగా గీసిన విద్యార్థిని ఆ ఫొటో చూపించి తప్పు పట్టడం అన్యాయం అవుతుంది.

ఆ మిత్రురాలు:

సార్ మాటలో ఒక అంశాన్ని మాత్రం నేను ఒప్పుకోలేకపోతున్నాను. వస్తువును చూడకపోయినా బొమ్మలోనే పట్టుబడే తప్పులు కొన్ని ఉంటాయి. ఇంట్లో ఉండే చెంబునే తీసుకోండి. మూతి గుండ్రం మనకు దీర్ఘవృత్తంగా కనిపిస్తుంది. అది కంటి మట్టానికి ఎంత కిందికి ఉంటే అంత విప్పారుతుంది. కాబట్టి మూతి కంటే అడుగు వంపు ఎక్కువ గుండ్రంగా ఉండాలి. కొత్తగా నేర్చుకునేవారు మూతిని వెడల్పుగా తెరిచి, చెంబు బల్లమీద ఆనినట్టు కనిపించాలని అడుగును సరళరేఖగా గీస్తారు. ఆ చెంబును చూడని మిత్రుడు కూడా ఈ తప్పును చెప్పగలడు. 1163లో రుద్రదేవుడు కట్టించిన వేయిస్తంభాల గుడిలో, స్తంభాల మీద చదరపు భాగాల మధ్య ఉన్న గుండ్రని వలయాలకూ ఇదే సూత్రం వర్తిస్తుంది: కంటి ఎత్తున ఉన్న వలయం దాదాపు గీతలా, దానికి పైవి పైకి వంగి, కిందివి కిందికి వంగి కనిపిస్తాయి. వారమంతా ఇంట్లో చెంబు గీసినవారు ఆదివారం గుడి మంటపంలో కూర్చుంటే స్తంభం అంత భయపెట్టదు. ఇలా వారానికి ఒక వస్తువును అందరం గీస్తే, ఆ బొమ్మలను పంచుకోవడానికి నాకు ఏ అభ్యంతరమూ లేదు. హమాలీల పేజీలను మాత్రం నా పుస్తకంలోనే ఉంచుకోనివ్వండి.

చర్చ ప్రారంభించినవారు:

వారానికి ఒక వస్తువును అందరూ గీయాలన్నది నాకు బాగా నచ్చింది. ఈ సోమవారం నుంచి చెంబుతోనే మొదలుపెడదాం. షిఫ్టులు కుదిరిన ఆదివారం సార్ వీలు కనుక్కుని కోటకు వెళదాం. హమాలీల పేజీల విషయంలో మాత్రం నేను ఇంకా ఒప్పుకోలేదు. బరువు ఏ కాలి మీద పడిందో నాలుగు గీతల్లో పట్టుకున్న పేజీయే మాకు అన్నిటికంటే ఎక్కువ నేర్పుతుంది, అదే మాకు కనిపించకుండా పోతే మిగిలినవారం ఆ అభ్యాసాన్ని ఎప్పటికీ మొదలుపెట్టం. రోజూ కాకపోయినా, మీకు నచ్చిన రోజున, ముఖం లేని ఆ గీతలను ఒక్కసారి పెట్టమని అడుగుతున్నాను.

ఆ మిత్రురాలు:

మీరందరూ కూడా మార్కెట్‌కు వచ్చి గీస్తే, అక్కడే కూర్చుని పుస్తకం చేతికిస్తాను. ఫోన్‌లో పెట్టను.