సాయకపుంఖంలో ఈక ఎక్కడ?

నల్లరేగడి: మా అమ్మాయి బాణాలకు పాత ప్లాస్టిక్ ఈకలు ఊడదీస్తున్నాను. మొద్దు చాకును కాడ వెంట ఆనించి తోస్తే ఈక వస్తోంది, జిగురు మాత్రం చారలుగా మిగిలిపోతోంది. దాన్ని గీకుతుంటే కాళిదాసు రఘువంశం రెండో సర్గలో, సింహాన్ని కొట్టడానికి పొదిలోంచి బాణం తీయబోయిన దిలీపుడి చేయి బిగుసుకుపోయే శ్లోకం గుర్తొచ్చింది. "నఖప్రభాభూషితకంకపత్రే, సక్తాంగులిః..." ఆ తరవాత సాయకపృష్ఠమా, సాయకపుంఖమా? పుంఖమే అయితే, అది నేను ఊడదీస్తున్న ఈకా, అల్లెతాడు కూర్చునే గాడా?

కొల్చారం: పుంఖమే. "సక్తాంగులిః సాయకపుంఖ ఏవ, చిత్రార్పితారంభ ఇవావతస్థే." వేళ్లు బాణపు పుంఖంలోనే తగులుకుని, చేయి బొమ్మలో గీసినట్టు నిలిచిపోయిందని. పుంఖే, ఏవ కలిసినప్పుడు "ఖే" కాస్తా "ఖ" అయింది. ఈ శ్లోకపు ఛందస్సు ఉపజాతిలో అక్కడ లఘువే పడాలి. "పుంఖః" అనుకున్నా సంధిలో ఇదే రూపం వస్తుంది, అందుకే కొందరు తడబడతారు. కానీ కర్త "కరః" (చేయి) మొదటి పాదంలోనే ఉంది, కాబట్టి ఇది "పుంఖంలో" అనే. వ్యాఖ్యాత మల్లినాథుడు "మూలప్రదేశే" అని తేల్చాడు. అంటే గాడి.

వసంతతిలక: తేల్చలేదండీ. మూలప్రదేశమంటే తోకభాగం మొత్తం. "కంకపత్రే" బహువ్రీహి, అంటే కంకమనే పక్షి ఈకలు గలది అని, పుంఖానికి విశేషణం. ఈకే పుంఖమైతే ఈకకు ఈకలున్నాయని చెప్పినట్టవుతుంది, అంతవరకు ఒప్పుకుంటాను. గాడి ఒక్కటే పుంఖమైనా చిక్కే, గాడికి ఈకలుండవు. అమరసింహుడి నిఘంటువు అమరంలో బాణపు ఈకకు వేరే పేర్లున్నాయి: "పక్షో వాజః".

గురి: నేను పిల్లలకు విలువిద్య నేర్పుతాను. పొదిలో బాణం ములికి కిందికి, తోక పైకి ఉంటుంది. ఈకను పట్టి లాగితే నలుగుతుంది, అందుకే పైనుంచి గాడి దగ్గర పట్టుకుంటాం. అప్పుడు వేలికొసలు కిందికి దిగి గోళ్లు ఈకల పైఅంచుకు చేరతాయి. పట్టు గాడి మీద, గోటి మెరుపు ఈక మీద. కాళిదాసు ఆ చేతిని ఎంత దగ్గరగా చూశాడో!

నల్లరేగడిగారూ, కార్బన్ కాడ అయితే పదును బ్లేడు వాడకండి. పోగు తెగితే ఆ బాణం పిల్లల చేతికి ఇవ్వకూడదు. వేడి కూడా పెట్టకండి.

కొల్చారం: గురిగారి మాట నాకు బలం. పుంఖానుపుంఖం అన్నా అంతే కదా, ముందు బాణపు గాడిలో వెనక బాణపు ములికి దిగడం.

గురి: అలా దిగడం అరుదు, దిగితే రెండు బాణాలూ పాడవుతాయి. దగ్గర గురిలో మేము రోజూ చూసేది వేరు. వెనక వచ్చిన బాణం ముందు బాణాన్ని ఒరుసుకుంటూ దిగి దాని ఈకను చీల్చేస్తుంది. ఇలా ఈకలు మార్చుకోవలసి రావడానికి అదీ ఒక కారణం.

వసంతతిలక: అయితే ఆ మాటలో పుంఖం ఈకవైపే మొగ్గుతోంది! అసలు మన పింజ ఉండగా ఈ తగవెందుకు? పత్తికీ, బాణపు తోకకూ అదే మాట. మెత్తటి పోగు అన్న భావం నుంచే రెండూ వచ్చాయని నా నమ్మకం.

కొల్చారం: పింఛం నుంచి ఎందుకు రాకూడదు? ఇంతకూ కంకం ఏ పక్షి? విరాటుడి కొలువులో ధర్మరాజు పెట్టుకున్న పేరూ అదే, మన కంకుభట్టు. "లోహపృష్ఠస్తు కంకః స్యాత్" అన్నాడు అమరసింహుడు. ఇనుపరంగు వీపున్న కొంగ అని నేనంటాను.

వసంతతిలక: గద్దజాతి పక్షి అండీ. కొంగ ఈకను బాణానికి ఎవరు కడతారు? అయినా బాణం పట్టిన చేయి అంటే నాకు పోతన సత్యభామే. "సరవి ముత్యము గ్రువ్వఁ జాలని యబల యే నిపుణత సంధించె నిశితశరము." ముత్యం గుచ్చడం, శరం సంధించడం, రెండూ వేలికొసల పనులే. ఆ పోలిక ముందు కంకపత్రం ఏ పాటి?

కొల్చారం: పోతనను తెచ్చి కాళిదాసును తగ్గించకండి. "చిత్రార్పితారంభ" అన్న ఒక్క సమాసం చాలు, ఆ చేయి బొమ్మలా నిలిచిపోవడానికి.

నల్లరేగడి: జిగురు చారలు ఇంకా పోలేదు. అసిటోన్ వాడవచ్చా?

గురి: గుడ్డకు కొద్దిగా అద్ది తుడవండి, కాడను అందులో నానబెట్టవద్దు. కిటికీలు తెరిచి ఉంచండి. కొత్త ఈక అంటించేటప్పుడు గాడి నుంచి వేళ్లకు చోటు వదలడం మరవకండి.

వసంతతిలక: ఆ వదిలిన చోటును పుంఖం అనాలా, కూడదా?