క్రావడి (ర వత్తు) పోయిన మాటలు: వ్రేలు ‘వేలు’ అయితే, వ్రాయు ‘రాయు’ ఎందుకైంది?

ప్రశ్న:
క్రొత్త–కొత్త, త్రాగు–తాగు, మ్రొక్కు–మొక్కు, వ్రేలు–వేలు. అన్నిట్లోనూ పోయింది రేఫే. వ్రాయు దగ్గర మాత్రం వకారం పోయి ర మిగిలింది. ‘వాయడం’ అని ఎవరూ అనరు. దీని వెనక సూత్రం ఏమిటి? పాత వచనాన్ని ఇప్పటి వాడుకలోకి మార్చేటప్పుడు క్రావడి ఎక్కడ తీసెయ్యొచ్చు?

జవాబు:
ముందు ఆ ర ఎక్కణ్ణుంచి వచ్చిందో చూడాలి. వేలిని తమిళంలో విరల్, కన్నడంలో బెరళు అంటారు. తెలుగులో రేఫ ముందుకు జరిగి వకారాన్ని అంటుకుంది, వ్రేలు అయింది. తమిళ మరం, తెలుగు మ్రాను కథా ఇదే. వ్రాయుకు కన్నడంలో జోడీ బరె. పదం మొదట్లో ఇలా పుట్టిన జంటలో మామూలుగా రేఫ జారిపోతుంది. వ్రాయు, వ్రాత మినహాయింపు. ‘చేవ్రాలు’ (సంతకం) పలికి చూడండి: చేవ్–రాలు అని విరుగుతుంది, అందుకే రెండూ నిలిచాయి. పైగా వ్రాలు విడిగా వాడుకలో లేదు. తలవ్రాతకు ఆ రక్షణ లేదు, విడి ‘రాత’ను చూసి తలరాత అయిపోయింది.

మరో జవాబు:
అన్ని రేఫలూ అలా జరిగి వచ్చినవి కావు. క్రింద, ప్రొద్దు, మ్రింగు మాటలకు తమిళంలో కీఴ్, పొఴుదు, విఴుంగు. నాలుక వెనక్కి మడిచి పలికే ఆ ఴ మన ప్రాచీన శాసనాల్లోనూ ఉంది. హల్లు పక్కన చేరినచోట అది ర అయింది, అచ్చుల మధ్య డ అయింది: ఏఴు–ఏడు, కోఴి–కోడి.

మార్చే పని గురించి: కంప్యూటర్లో ‘క్ర’ వెతికి ఒక్కసారిగా ‘క’ పెట్టకండి, క్రమం ‘కమం’ అవుతుంది. తత్సమాలను (ప్రాణం, గ్రామం, వ్రతం) వదిలేసి, దేశ్యాలను ఒక్కొక్కటే మార్చాలి. అనుమానం వస్తే శబ్దరత్నాకరం నిఘంటువు తియ్యండి. క్రొన్నెల లాంటి సమాసాల జోలికి పోవద్దు. మాను (చెట్టు, విడిచిపెట్టు), వేలు (చేతివేలు, వెయ్యికి బహువచనం) లాంటి చోట్ల క్రావడి తీస్తే అర్థాలు కలిసిపోతాయి, వాక్యం మళ్ళీ చదవాలి.

అడిగినవారు:
మధ్యలో పద్యాలున్నాయి. వాటినీ మార్చనా?

రెండో జవాబిచ్చినవారు:
వద్దండీ. సంయుక్తాక్షరంలో ఏ హల్లుకైనా యతి చెల్లుతుంది. కవి ‘క్రొ’లోని రేఫకే యతి కలిపి ఉంటే, ‘కొ’ అని దిద్దగానే ఆ పాదంలో యతి పోతుంది.