నెలలు నిండని బిడ్డకు మెదడు ఎంఆర్‌ఐ తీయించాలా, వద్దా?

నెలతక్కువ_నాన్న:
మా పాప 28 వారాలకే పుట్టింది. బరువు 1,020 గ్రాములు. గర్భం లెక్కన ఇప్పుడు 37వ వారం, రేపోమాపో డిశ్చార్జ్. మాడు మీద నుంచి తీసిన తల అల్ట్రాసౌండ్ స్కాన్లు మూడూ నార్మలే. అయినా ఒక డాక్టరు 40 వారాలకు ఎంఆర్‌ఐ తీయించమంటున్నారు, ఇంకొకరు అక్కర్లేదంటున్నారు. మా అమ్మమ్మేమో "ఏడో నెల బిడ్డ గట్టిపిండం, ఎనిమిదో నెలదైతేనే భయం" అని తేల్చేసింది. మాకు మాత్రం నిద్ర లేదు. మీరైతే ఏం చేస్తారు?

స్కాన్_వైపే:
తీయించండి. తల స్కాన్‌లో రక్తస్రావం, పెద్ద తిత్తులు దొరుకుతాయి. తెల్ల పదార్థంలో, అంటే మెదడు భాగాలను కలిపే నరాల తీగల్లో, పలచగా పరుచుకున్న దెబ్బ చాలాసార్లు దొరకదు. 2006లో న్యూజిలాండ్, ఆస్ట్రేలియా పరిశోధకులు బాగా ముందుగా పుట్టిన 167 మందికి నెలలు నిండే సమయానికి ఎంఆర్‌ఐ తీసి, రెండేళ్లకు మళ్లీ పరీక్షించారు. తెల్ల పదార్థం ఎక్కువగా దెబ్బతిన్నవాళ్లలో కదలికల, తెలివితేటల ఇబ్బందులు ఎక్కువగా కనిపించాయి. ముందే తెలిస్తే థెరపీ ముందే మొదలుపెట్టొచ్చు కదా!

పదేళ్లవాడి_అమ్మ:
అది నేనూ చదివానండీ, అప్పట్లో రాత్రిళ్లు అదే పని. అందులో దాదాపు సగం మందికి స్వల్ప లోపం కనిపించింది. ఏ లోపమూ లేనివాళ్లు మూడోవంతు కూడా లేరు. మా వాడి రిపోర్టులోనూ "స్వల్పంగా" అన్న మాటే ఉంది. ఆ ఒక్క మాట పట్టుకుని రెండేళ్లపాటు వాడు ఆడుకుంటున్నా పరీక్ష పెట్టినట్టే చూశాను. ఇరవై నెలలప్పుడు ఎదుగుదల పరీక్షలో స్కోరు బాగా తక్కువ వచ్చింది, ఆ రోజు ఆటోలో ఏడుస్తూ ఇంటికొచ్చాం. ఇప్పుడు వాడు లెక్కల్లో కాస్త వెనక, మాటల్లో నన్నే మించిపోయాడు. 2005లో వచ్చిన ఒక అమెరికా అధ్యయనంలో, కిలోలోపు బరువుతో పుట్టిన పిల్లల్లో 20 నెలలకు తెలివితేటల పరీక్షలో 70 కన్నా తక్కువ స్కోరు (సగటు 100) వచ్చినవాళ్లు 39 శాతం. ఎనిమిదేళ్లకు చూస్తే 16 శాతమే. 20 నెలల పరీక్షకే నిలకడ లేదు, 40 వారాల ఎంఆర్‌ఐ బొమ్మ బడి చదువు సంగతి ఏం చెబుతుంది?

స్కాన్_వైపే:
అక్కా, బాబు బాగున్నందుకు సంతోషం. కానీ ఒక్క బిడ్డతో లెక్క తేలదు. చదువు సంగతి పక్కన పెట్టండి, మెదడు దెబ్బతిని కదలికలు పట్టు తప్పే సెరిబ్రల్ పాల్సీ మాటేమిటి?

సిక్కోలు_ఫిజియో:
దానికైతే ఎంఆర్‌ఐ ఒక్కటే దారి కాదు. డ్యూ డేట్ దాటాక 9 నుంచి 20 వారాల మధ్య పిల్లల మెడలో, నడుములో, కాళ్లూచేతుల్లో చిన్నచిన్న కదలికలు ఆగకుండా మెదులుతుంటాయి. ఫిడ్జెటీ కదలికలంటాం. ప్రెక్టెల్ బృందం 1997లో 130 మందిని చూసింది. ఈ కదలికలు మామూలుగా ఉన్న 70 మందిలో 67 మంది తర్వాత కూడా బాగున్నారు. లేనివాళ్లు, తేడాగా ఉన్నవాళ్లు 60 మంది, వాళ్లలో 57 మందికి నరాల సమస్యలు వచ్చాయి. పాప మెలకువగా, ఏడవకుండా ఉన్నప్పుడు వెల్లకిలా పడుకోబెట్టి మూడు నాలుగు నిమిషాలు వీడియో తీయండి. బొమ్మలు చూపించొద్దు, పలకరించొద్దు. చూడాల్సింది మాత్రం శిక్షణ ఉన్నవాళ్లు, ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపు కాదు! లెక్క పుట్టినరోజు నుంచి కాదు, డ్యూ డేట్ నుంచి. సగం మంది తప్పేది ఇక్కడే.

లండన్_పెద్దక్క:
టెన్షన్ మాటకొస్తే, ఇక్కడ బ్రిటన్‌లో 33 వారాలలోపు పుట్టిన 511 మంది పిల్లలతో ట్రయల్ చేశారు, 2018లో వచ్చింది. ఎంఆర్‌ఐ ఫలితం తెలిసిన తల్లుల్లో ఆందోళన పెరగలేదు, పైగా కాస్త తగ్గింది. ఆ తేడా చాలా చిన్నదిలెండి. భవిష్యత్తును చెప్పడంలో తల స్కాన్ కన్నా కొద్దిగానే మెరుగు. ఖర్చు మాత్రం మనిషికి 315 పౌండ్లు ఎక్కువ. అందరికీ అలవాటుగా తీయొద్దని అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం 2015లోనే చెప్పింది.

పదేళ్లవాడి_అమ్మ:
మా ఇంట్లో తగ్గలేదు మరి. అక్కడ ఎవరో కూర్చోబెట్టి వివరించి ఉంటారు. మాకు రిపోర్టు కవర్లో పెట్టి చేతికిచ్చారు.

నెలతక్కువ_నాన్న:
అందరికీ థాంక్స్. ఎంఆర్‌ఐ సంగతి ఇంకా తేలలేదు. తీస్తే రిపోర్టు వివరంగా చెప్పేదెవరో రేపు ఇద్దరు డాక్టర్లనూ అడుగుతాం. మా డ్యూ డేట్ మార్చి 9, అంటే 12 వారాలు జూన్ 1కి నిండుతాయి. వీడియో ఆ రోజే. దిష్టి తగులుతుందని అమ్మమ్మ గోల. ఫిజియో గారూ, బుగ్గన చుక్క పెడితే ఇబ్బందేం లేదుగా?