అమ్మానాన్నలతో అలాస్కా క్రూయిజ్: వెళ్లివచ్చినవారు చెప్పగలరా?

గోదావరి గట్టు (బెల్‌వ్యూ), మార్చి 2

అందరికీ నమస్కారం. జూలై రెండో వారంలో సియాటిల్‌లో బయలుదేరి మళ్లీ సియాటిల్‌కే చేరే ఏడు రాత్రుల అలాస్కా క్రూయిజ్‌కు టికెట్లు తీసుకున్నాము. జూనో, స్కాగ్‌వే, కెచికాన్ రేవులలో ఆగుతుందని, ఎండికాట్ ఆర్మ్ అనే సన్నని సముద్రపు పాయలో డాస్ గ్లేసియర్ (హిమానీనదం) దగ్గరకు తీసుకువెళ్తుందని, చివరి సాయంత్రం విక్టోరియాలో కొన్ని గంటలు ఉంటుందని రాశారు. మేమిద్దరం, తొమ్మిదేళ్ల బాబు, నాలుగేళ్ల పాప, మే నెలలో రాజమండ్రి నుంచి రాబోతున్న మా అమ్మానాన్నలు, మొత్తం ఆరుగురం. నాన్నగారికి డెబ్బై ఒకటి, ఇన్సులిన్ తీసుకుంటారు. అమ్మకు మోకాళ్ల నొప్పులు, పైగా గుడ్డు కూడా ముట్టదు. పెద్దవాళ్లకు బాల్కనీ గది తీసుకోవడం అవసరమా, ఓడ ఊగితే ఏం చేయాలి, శాకాహారం దొరుకుతుందా, పాపను పిల్లల క్లబ్బులో వదలవచ్చా, రేవులలో ఏ పర్యటనలు నడవలేనివారికి అనుకూలంగా ఉంటాయి, ఇవి నా ప్రశ్నలు.

తాటిబెల్లం (ఆస్టిన్), మార్చి 2

మీ ప్రశ్నలకంటే ముందు, మీరు అడగని ప్రశ్న ఒకటి నేను అడుగుతాను. మీ అమ్మానాన్నలకు కెనడా వీసా ఉందా? విక్టోరియా కెనడాలో ఉన్న ఊరు. రెండేళ్ల క్రితం ఇదే సియాటిల్‌లో, ఓడలు ఎక్కే పియర్ 91 రేవు దగ్గర, కౌంటరులోని అమ్మాయి మా అత్తయ్యగారి పాస్‌పోర్టును మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా ఒక్కొక్కటే తిప్పి, మళ్లీ వెనక్కి తిప్పి, కెనడా వీసా ఏదని అడిగింది. అమెరికా వీసా చూపిస్తే అది సరిపోదన్నది. పై అధికారిని పిలిపించాము, ఆయనా అదే మాట అన్నాడు. సామాను అప్పటికే ఓడలోకి వెళ్లిపోయింది, దానిని వెనక్కి తెప్పించడానికి గంటన్నర పట్టింది. ఆ గంటన్నరా మా అత్తయ్యగారు, ఈ ప్రయాణం కోసమే కొన్న ఊదారంగు స్వెటరును మడిచి ఒళ్లో పెట్టుకుని, "నా మూలంగా అందరి ప్రయాణం చెడిపోయింది, మీరు వెళ్లండి" అంటూనే ఉన్నారు. మావారు ఆమెతో ఉండిపోయారు. నేను పిల్లలను తీసుకుని ఎక్కాను, కానీ ఆ ఏడు రోజులూ ఏం చూశానో నాకు సరిగా గుర్తు లేదు. టికెట్ల డబ్బులో ఒక్క డాలరు కూడా తిరిగి రాలేదు. పత్రాల బాధ్యత ప్రయాణికులదేనన్న వాక్యాన్ని టికెట్లు అమ్మిన ఏజెంటు మాకు చూపించాడు.

పెన్నా తీరం (అట్లాంటా), మార్చి 2

మొదటి జవాబులోనే మనుషులను ఇలా భయపెట్టడం మంచిది కాదు. మేము 2018లో ఇదే మార్గంలో మా నాన్నగారిని తీసుకువెళ్లాము. ఆయనది భారతీయ పాస్‌పోర్టే, విజిటర్ వీసా మీదనే వచ్చారు. పాస్‌పోర్టు చూశారు, ఎక్కించుకున్నారు, అంతకుమించి ఎవరూ ఒక్క మాట అడగలేదు. విక్టోరియాలో ఓడ చేరేసరికే రాత్రి అవుతుంది కాబట్టి ఆయన అసలు దిగలేదు. దిగనివారికి వీసా ఎందుకు? మీ విషయంలో కౌంటరు వాళ్లకు అవగాహన లేక పొరపాటు చేసి ఉంటారు.

తాటిబెల్లం (ఆస్టిన్), మార్చి 2

పొరపాటు చేశారని మీరు అట్లాంటాలో కూర్చుని ఎలా నిర్ణయించారు? ఆ రోజు ఆ కౌంటరు దగ్గర మాతో పాటు మరో రెండు భారతీయ కుటుంబాలు ఇదే కారణంతో ఆగిపోయాయి. "దిగము, గదిలోనే ఉంటాము" అని మేమూ బతిమాలాము. దిగినా దిగకపోయినా ఓడ కెనడా జలాలలోకి, కెనడా రేవులోకి వెళ్తుంది కాబట్టి అందరికీ పత్రాలు ఉండాలని చెప్పారు. మీకు జరగలేదు కాబట్టి ఎవరికీ జరగదని రాస్తే, మీ మాట నమ్మిన పెద్దవాళ్లు రేవులో నిలబడవలసి వస్తుంది. అది నేను చూశాను, మీరు చూడలేదు.

పెరుగన్నం (ఎడిసన్), మార్చి 3

భోజనం సంగతి నేను చెబుతాను, ఎందుకంటే మా అమ్మ కూడా గుడ్డు తినదు. టికెట్టు తీసుకున్నప్పుడే భారతీయ శాకాహారం కావాలని రాయించండి, ఓడ ఎక్కిన మొదటి సాయంత్రం పెద్ద భోజనశాలకు వెళ్లి హెడ్ వెయిటరుతో మళ్లీ చెప్పండి. మా ఓడలో ఆయన ప్రతి రాత్రీ వచ్చి మరునాటి భోజనానికి ఏం కావాలో అడిగి రాసుకునేవాడు. రెండో రోజు పప్పు, చపాతీ, బంగాళాదుంప కూర వచ్చాయి. పప్పు మీద తాలింపు తేలుతూ కనిపించగానే మా అమ్మ ముఖం విప్పారింది. వంటశాలలో గోవా నుంచి వచ్చినవారు ఉన్నారని, వారిలో ఒకరు ప్రత్యేకంగా వండారని తరువాత తెలిసింది. మధ్యాహ్నం పై డెక్కు మీది బఫేలో తెల్లన్నం, ఉదయపు వరుసలో తీపి లేని పెరుగు దొరికేవి. ఉదయమే ఒక గిన్నెడు పెరుగు తీసి గదిలోని ఫ్రిజ్‌లో పెట్టుకునేవాళ్లం. చారు కోసం విద్యుత్ కెటిల్, అన్నం కోసం చిన్న కుక్కరు తీసుకువెళ్లినవి మాత్రం తనిఖీలో పట్టుకుని, చివరి రోజు దాకా తిరిగి ఇవ్వలేదు.

వరంగల్ కోట (మినియాపొలిస్), మార్చి 3

కుక్కరు తీసుకువెళ్లడం ఏమిటండీ? నడిసముద్రంలో నిప్పంటుకుంటే పారిపోవడానికి చోటు ఉండదు కాబట్టే ఇస్త్రీపెట్టెలు, కెటిళ్లు, కుక్కర్లు వద్దని టికెట్టుతో పాటు వచ్చే నిబంధనలలోనే రాస్తారు. మనవాళ్లు అది చదవకపోవడం వల్ల తెలుగువాళ్లందరి పెట్టెలనూ విప్పదీసి చూస్తున్నారు.

పెరుగన్నం (ఎడిసన్), మార్చి 3

నేను తప్పు చేశానని దాచుకోలేదు, మరొకరు చేయకూడదనే రాశాను. డెబ్బై ఏళ్ల మనిషి వారం రోజులు రొట్టె ముక్కలతో గడపలేదన్న భయంతో తీసుకువెళ్లిన కుక్కరు అది. తెలుగువాళ్లందరి పరువుకూ మా అమ్మ అన్నానికీ ముడిపెట్టకండి.

నాటికల్ మైలు (విశాఖపట్నం), మార్చి 4

ఇరవై ఆరేళ్లు మర్చంట్ నేవీ ఓడల ఇంజిన్ గదులలో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న మనిషిని. ఇక్కడ అందరూ ఓడను హోటలుగా చూసి మాట్లాడుతున్నారు కాబట్టి కొన్ని విషయాలు చెప్పవలసి వస్తున్నది. అసలు విక్టోరియాలో ఆ కొన్ని గంటలు ఎందుకు ఆగుతారో ఎవరైనా ఆలోచించారా? అమెరికాలో ప్యాసింజర్ వెసెల్ సర్వీసెస్ యాక్ట్ అని 1886 నాటి చట్టం ఉంది. విదేశీ జెండా ఉన్న ఓడ అమెరికా రేవులో ప్రయాణికులను ఎక్కించుకుని, మధ్యలో ఒక్క విదేశీ రేవునైనా తాకకుండా, అమెరికా రేవులను మాత్రమే చుట్టి రాకూడదు. పెద్ద క్రూయిజ్ ఓడలలో దాదాపు అన్నీ బహామాస్, పనామా, బెర్ముడా వంటి దేశాల జెండాలతో తిరిగేవే. కాబట్టి రాత్రి తొమ్మిదైనా సరే, వాన కురుస్తున్నా సరే, కెనడా రేవును తాకి తీరాలి. కోవిడ్ కాలంలో కెనడా రేవులు మూసివేసినప్పుడు, 2021 మే నెలలో అమెరికా తాత్కాలికంగా ఒక ప్రత్యేక చట్టం చేసి ఈ నియమాన్ని సడలించవలసి వచ్చింది.

ఇక గది విషయం. బాల్కనీ కంటే గది ఉన్న చోటు ముఖ్యం. ఓడ పొడవులో మధ్యన, వీలైనంత కింది అంతస్తులో ఉన్న గదిలో ఊపు తక్కువగా ఉంటుంది. ముందు భాగంలో పై అంతస్తున బాల్కనీ కొంటే, డబ్బు ఎక్కువ పెట్టి ఊపును కొనుక్కున్నట్టే. స్టెబిలైజర్ రెక్కలు ఉన్నాయి కదా అంటారు. అవి పక్కలకు ఊగడాన్ని తగ్గిస్తాయి, ముందువెనుకలుగా లేచిపడటాన్ని తగ్గించలేవు. వ్యాంకూవర్‌లో బయలుదేరే ఓడలు దీవుల మధ్య నుంచి పోతాయి కాబట్టి నీరు నెమ్మదిగా ఉంటుంది. సియాటిల్ ఓడలు సాధారణంగా వ్యాంకూవర్ దీవికి పడమటి వైపున, బహిరంగ సముద్రం మీదుగా పోతాయి. అందువల్ల రెండో రోజునే కడుపులో తిప్పడం మొదలవుతుంది. మాత్ర వేసుకునేదైతే ఊపు మొదలుకాకముందే వేసుకోవాలి. ఊపుకు వాడే మెక్లిజీన్ మాత్ర పెద్దవాళ్లకు మత్తు తెప్పించవచ్చు కాబట్టి ముందుగా డాక్టరును అడగండి.

పెన్నా తీరం (అట్లాంటా), మార్చి 4

పెద్దలు మీ అనుభవం పట్ల గౌరవం ఉంది, కానీ మీరు చెప్పిన చట్టం ఓడకు సంబంధించినది. మేము వాదిస్తున్నది ప్రయాణికుడి వీసా గురించి. ఓడ ఎందుకు ఆగుతుందో తెలిసినంత మాత్రాన, గదిలో నిద్రపోతున్న మా నాన్నగారికి వీసా కావాలో వద్దో తేలదు. ఇంజిన్ గదిలో పనిచేసినవారికి ఇమిగ్రేషన్ నియమాలన్నీ తెలిసి ఉండాలని లేదు.

నాటికల్ మైలు (విశాఖపట్నం), మార్చి 4

ఇరవై ఆరేళ్లలో ప్రతి రేవులోనూ నా పత్రాలు చూపించి దిగినవాడిని, చూపించలేక దిగలేకపోయిన సహోద్యోగులతో ఓడలోనే పండగలు చేసుకున్నవాడిని. నాకు పత్రాల విలువ తెలియదని అనవద్దు.

కొత్త చింతకాయ (టొరంటో), మార్చి 5

ఇద్దరూ దయచేసి ఆగండి. పన్నెండేళ్లుగా కెనడాలో ఉంటున్నాను, మా బంధువులందరి వీసా దరఖాస్తులూ నా చేతుల మీదుగానే వెళ్లాయి. భారతీయ పాస్‌పోర్టు ఉన్నవారు కెనడాకు ఏ మార్గాన వచ్చినా విజిటర్ వీసా ఉండాలి, అమెరికా వీసా దానికి బదులు కాదు. అమెరికా గ్రీన్‌కార్డు ఉన్నవారికి మాత్రం వీసా అక్కరలేదు. 2022 ఏప్రిల్ చివరి నుంచి వారు చెల్లుబాటయ్యే పాస్‌పోర్టునూ గ్రీన్‌కార్డునూ చూపిస్తే చాలు. హెచ్-1బి మీద ఉన్నవారికి ఆ వెసులుబాటు లేదు, కాబట్టి గోదావరి గట్టు గారూ, మీ దంపతులది ఏ హోదానో కూడా చూసుకోండి. వీసా రుసుము 100 కెనడా డాలర్లు, వేలిముద్రలకు మరో 85. పద్నాలుగు నుంచి డెబ్బై తొమ్మిదేళ్ల వయసువారు వేలిముద్రలు ఇవ్వాలి, ఒకసారి ఇస్తే పదేళ్లు పనిచేస్తాయి. మీ అమ్మానాన్నలు ఇంకా రాజమండ్రిలోనే ఉన్నారు కాబట్టి ఇప్పుడే ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టి, హైదరాబాద్‌లోని కేంద్రంలో వేలిముద్రలు ఇప్పించండి. అమెరికా వచ్చాక మొదలుపెడితే పాస్‌పోర్టు పంపి తెప్పించుకునే పని కూడా ఇక్కడే పడుతుంది, జూలై దగ్గరపడేకొద్దీ మీకు నిద్ర ఉండదు.

ఉల్లికాడ (శాన్ హోసే), మార్చి 5

ఇదే సందర్భంలో ఒక సందేహం. కెనడా వెళ్లి తిరిగి వస్తే తల్లిదండ్రులకు అమెరికాలో మళ్లీ ఆరు నెలల గడువు ఇస్తారా?

కొత్త చింతకాయ (టొరంటో), మార్చి 5

ముప్పై రోజులలోపు కెనడాకు వెళ్లి వచ్చినవారికి సాధారణంగా పాత ఐ-94 (అమెరికాలో ఎప్పటిదాకా ఉండవచ్చో చూపే నమోదు) గడువే కొనసాగుతుంది. గడువు పెరుగుతుందన్న ఆశతో క్రూయిజ్ టికెట్టు కొనవద్దు.

వరంగల్ కోట (మినియాపొలిస్), మార్చి 6

విక్టోరియా గురించే మాట్లాడుతున్నారు కాబట్టి అక్కడ జరిగినది చెబుతాను. అలాస్కా సమయం సియాటిల్ కంటే ఒక గంట వెనుక ఉంటుంది. ఉత్తరానికి పోతున్నప్పుడు ఓడలో గడియారం ఒక గంట వెనక్కి జరుపుతారు, తిరుగు ప్రయాణంలో ఒక గంట ముందుకు జరుపుతారు. మా మామగారు మొదటిది పాటించారు, రెండోది మరిచిపోయారు. విక్టోరియాలో పార్లమెంటు భవనం దీపాలు చూస్తూ, ఇంకా గంటకు పైగా ఉందని నెమ్మదిగా కూర్చున్నారు. ఆయన వెంట ఉన్న మా బాబు ఫోనును విమానం మోడ్‌లో పెట్టి, మళ్లీ అందులోంచి తీయలేదు. పేరు పెట్టి పిలుస్తూ రేవు దగ్గర నేను నిలబడిన ఆ ఇరవై నిమిషాలు ఎవరికీ రాకూడదు. మనిషి మనిషికీ ఓడ సమయం చూపించే చేతి గడియారం ఉండాలి. ఓడవారి పర్యటనలో వెళ్లి ఆలస్యమైతే ఓడ ఆగుతుంది లేదా తరువాతి రేవుకు వాళ్లే చేరుస్తారు; మనంతట మనం వెళ్లి ఆలస్యమైతే ఎవరూ ఆగరు. జూనో నుంచి బయటి ఊళ్లకు రోడ్డు మార్గమే లేదు, తప్పిపోతే విమానమే గతి.

ఉల్లికాడ (శాన్ హోసే), మార్చి 6

ఓడవారి పర్యటనలకు బయటకంటే చాలా ఎక్కువ తీసుకుంటారు. ఆరుగురికి అంత పెట్టడం ఎందుకు? మెండెన్‌హాల్ గ్లేసియర్ జూనో ఊరికి పన్నెండు మైళ్ల దూరమే, రేవులోనే బస్సులు దొరుకుతాయి.

తాటిబెల్లం (ఆస్టిన్), మార్చి 6

మోకాళ్ల నొప్పులున్న అమ్మను తీసుకువెళ్తున్నారని మొదటి ప్రశ్నలోనే రాశారు. స్కాగ్‌వేలో వైట్ పాస్ రైలు ఎక్కించండి. బంగారం కోసం జనం ఎగబడిన రోజులలో, 1898లో మొదలుపెట్టి 1900లో పూర్తిచేసిన సన్నపట్టాల రైలు అది. రేవు దగ్గరే ఎక్కి, ఇరవై మైళ్లలో మూడు వేల అడుగుల దాకా కొండ ఎక్కి, కూర్చున్నచోటు నుంచి కదలకుండా వెనక్కి రావచ్చు. పైకి వెళ్లేటప్పుడు ఎడమవైపు కూర్చోండి, లోయ అంతా అటే ఉంటుంది. మా అత్తయ్యగారు చూడాలనుకున్నది ఆ రైలే.

పెన్నా తీరం (అట్లాంటా), మార్చి 8

రెండు రోజులు ఆలోచించి, నెల్లూరుకు ఫోను చేసి, మా నాన్నగారి పాత పాస్‌పోర్టు పేజీలను ఫొటోలు తీయించి తెప్పించుకున్నాను. పదకొండో పేజీలో కెనడా వీసా ఉంది. 2016లో మా అన్నయ్య దగ్గరకు వెళ్లినప్పుడు చాలా ఏళ్ల గడువుతో ఇచ్చినది, మా క్రూయిజ్ నాటికి అది చెల్లుతూనే ఉంది. ఆయన పాస్‌పోర్టును ఎవరూ ఏమీ అడగకపోవడానికి కారణం అదే. నేను ఇన్నేళ్లూ చాలామందికి వీసా అక్కరలేదని చెప్పాను. తాటిబెల్లం గారూ, మిమ్మల్ని తప్పుపట్టినందుకు క్షమించండి. నాటికల్ మైలు గారిని అన్న మాట కూడా వెనక్కి తీసుకుంటున్నాను. నా మొదటి జవాబును తీసివేయవలసిందిగా నిర్వాహకులను కోరాను.

తాటిబెల్లం (ఆస్టిన్), మార్చి 8

తీసివేయించకండి. కింద ఈ జవాబు కూడా ఉంటే, చదివేవారికి రెండూ కలిపి ఉపయోగపడతాయి.

గోదావరి గట్టు (బెల్‌వ్యూ), మార్చి 9

మా ఇద్దరికీ గ్రీన్‌కార్డు ఉంది, పిల్లలు ఇక్కడి పౌరులు, కాబట్టి మిగిలింది అమ్మానాన్నలే. నిన్న రాత్రి వారి దరఖాస్తులు పెట్టాను, వచ్చే బుధవారం హైదరాబాద్ వెళ్తారు. గదిని తొమ్మిదో అంతస్తు ముందు భాగం నుంచి ఐదో అంతస్తు మధ్యకు మార్పించాను, బాల్కనీ పోయి కిటికీ వచ్చింది. స్కాగ్‌వే రైలుకు ఆరు టికెట్లు తీసుకున్నాను. నాన్నగారు ఫోనులో అడిగినది ఒక్కటే: ఇన్సులిన్ ఎక్కడ పెట్టుకోవాలి?

పెరుగన్నం (ఎడిసన్), మార్చి 9

గదిలోని చిన్న ఫ్రిజ్‌ను నమ్మకండి, మా పెరుగు రెండో రోజుకే పులిసింది. మందుల కోసం వేరే ఫ్రిజ్ కావాలని ఓడవారికి ఇప్పుడే రాయండి. తెరవని ఇన్సులిన్ రెండు నుంచి ఎనిమిది డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండాలి, గడ్డకడితే పనికిరాదు కాబట్టి ఐసు బకెట్టులో నేరుగా పెట్టవద్దు. వాడుతున్న పెన్ను చాలా రకాలలో గది వేడిలో నాలుగు వారాల దాకా ఉంటుంది, మీ నాన్నగారి పెట్టె మీద చూడండి. ఎక్కే రోజు పెద్ద పెట్టెలు గదికి చేరేసరికి సాయంత్రం అవుతుంది, దిగే ముందు రాత్రి వాటిని మళ్లీ తలుపు బయట పెట్టమంటారు. ఆ రెండు పూటలా మందులన్నీ చేతిసంచిలోనే ఉండాలి.