అమ్మ కనురెప్పల సర్జరీ: ఎకోస్ప్రిన్ వాడుతూ చేయించుకున్నవాళ్లు ఉన్నారా?

అమ్మకు 63 ఏళ్లు. పై రెప్పల చర్మం సాగి కంటి మీదికి జారింది. పేపర్ చదవాలంటే నుదురు పైకి ముడుస్తుంది, లేదంటే ఒక వేలితో రెప్ప ఎత్తి పట్టుకుంటుంది. "ఈ వయసులో సోకులేంటి" అని చుట్టాల దెప్పులు మామూలే, వాటిని పట్టించుకోవట్లేదు.

కంటి డాక్టర్ బ్లెఫరోప్లాస్టీ (రెప్పల మీద సాగిన చర్మం తీసేసే ఆపరేషన్) చేయించుకోవచ్చన్నారు. మత్తు రెప్పల వరకే ఇస్తారట, అదే రోజు ఇంటికి రావచ్చు, వారంలో కుట్లు తీస్తారు, వాపూ కమిలిన మచ్చలూ రెండు వారాల్లో చాలావరకు తగ్గుతాయన్నారు. ఇంతవరకు ధైర్యంగానే ఉంది.

అసలు టెన్షన్ ఎకోస్ప్రిన్ (రక్తం గడ్డకట్టకుండా వేసుకునే ఆస్పిరిన్ మాత్ర) గురించి. అమ్మకు స్టెంట్ ఉంది, రోజూ వేసుకోవాలి. ఆపరేషన్ తర్వాత కంటి వెనక రక్తం చేరితే చూపు పోయే ప్రమాదం ఉంది, అరుదే అయినా. అలాగని మాత్ర ఆపితే గుండెకు ముప్పు. ఇది గుండె డాక్టరే తేల్చాలి, వచ్చే వారం కలుస్తున్నాం. మీ ఇంట్లో ఇలాంటి పరిస్థితి వస్తే ఇద్దరు డాక్టర్లూ ఏం నిర్ణయించారు?

ఇంకోటి, అమ్మకు కళ్లు పొడిబారే సమస్య ఉంది, చుక్కల మందు వాడుతోంది. చర్మం ఎక్కువ తీసేస్తే రెప్ప పూర్తిగా మూతపడక అది ముదురుతుందట. ముందే పొడి కళ్లున్నవాళ్లకు సర్జరీ తర్వాత ఎలా ఉంది? రాత్రి నిద్రలో కళ్లు మూతపడుతున్నాయా?

ప్లాస్టిక్ సర్జన్ కన్నా ఓక్యులోప్లాస్టీ (కనురెప్పలు, కంటి చుట్టూ భాగాల సర్జరీ) చేసే కంటి డాక్టరే నయమనిపిస్తోంది. హైదరాబాద్‌లో చేయించుకున్నవాళ్లు ఖర్చు ఎంతయిందో, ఫీల్డ్ టెస్ట్ (చుట్టుపక్కల ఎంత మేర కనిపిస్తోందో చూసే పరీక్ష) రిపోర్ట్ చూపిస్తే ఇన్సూరెన్స్ వాళ్లు ఒప్పుకున్నారో లేదో కూడా చెప్పండి.